120 మందితో ఆఫీసులో క్రిస్మస్: 24 సాయంత్రం టెర్రస్ మీద పెట్టమంటున్నారు, కుదురుతుందా?

అయిదో_అంతస్తు_అడ్మిన్

మాదాపూర్‌లో అద్దె బిల్డింగు, మాది అయిదో అంతస్తు. మొత్తం 142 మంది. అందులో 22 మంది సొంత ఊళ్ల నుంచే పని చేస్తారు కాబట్టి వచ్చేది 120 అనుకుంటున్నాం. బడ్జెట్ అన్నీ కలిపి లక్షన్నర. పైవాళ్ల కోరిక ఇదీ: డిసెంబర్ 24 గురువారం సాయంత్రం 6 నుంచి 10 దాకా, టెర్రస్ మీద, డీజే, చికెన్ దమ్ బిర్యానీ, అందరికీ సీక్రెట్ సాంటా (ఎవరిచ్చారో చెప్పకుండా ఒకరికొకరు గిఫ్టు ఇవ్వడం), ఒక మూల చెట్టు, యేసు పుట్టిన పశువుల పాక నమూనా. టెర్రస్ వద్దనుకుంటే మా కెఫెటేరియా ఉంది, 2,200 చదరపు అడుగులు, 70 కుర్చీలు.

కేటరర్ ప్లేటుకు 520 చెప్పాడు, 120 ప్లేట్లు గ్యారంటీ ఇమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా? శాకాహారం ఎంత చెప్పాలి? సీక్రెట్ సాంటాకి చీటీలు తీస్తే చివర్లో గొడవ అవుతుందంటున్నారు, వేరే పద్ధతి ఉందా? ఇంకా నాలుగు వారాలే ఉంది, ఏది ముందు మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

బిల్డింగ్_తాళాలు

ముందు తేదీ మార్చండి. ఎవరి పండగ చేస్తున్నారో వాళ్లే రాలేని రోజు 24. ఆ రాత్రి చర్చిల్లో ఆరాధన, క్వయర్‌లో ఉన్నవాళ్లకు సాయంత్రం నుంచే పని, చాలామంది మధ్యాహ్నానికే గుంటూరు, ఏలూరు వైపు బస్సెక్కేస్తారు. పైగా ఈసారి 25 శుక్రవారం పడింది, వరసగా మూడు రోజుల సెలవు. మిగతావాళ్లు కూడా ఆగరు.

తిండి సంగతి చూసినా గురువారం మంచిది కాదు. గురువారం బాబా, శనివారం వెంకన్న, సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి అని ఆ రోజు మాంసం ముట్టనివాళ్లు ప్రతి టీములోనూ ఉంటారు. ఫారంలో ‘నాన్‌వెజ్’ అని టిక్కు పెట్టినవాళ్లే ఆ రోజు వచ్చి ‘నాకు ఇవాళ వెజ్’ అంటారు. పనీర్ అయిపోతుంది, చికెన్ మిగిలిపోతుంది. 16 బుధవారం పెట్టండి. 18 శుక్రవారం తిండికి ఇబ్బంది లేదు గానీ ఊరెళ్లేవాళ్లు నాలుగింటికే బ్యాగు సర్దుతారు. జుమా నమాజుకు వెళ్లేవాళ్లు తయారీ వేళకు ఉండరు. ఆ సాయంత్రం మాదాపూర్ ట్రాఫిక్‌లో కేటరర్ వ్యాను ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

టెర్రస్ వద్దు. రాత్రి పదికి ఎలాగూ మైకు ఆపాలి, బయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అనుమతి లేదు. అసలు సమస్య అది కూడా కాదు. చాలా బిల్డింగుల్లో టెర్రస్‌కు చివరి మెట్ల వరుస ఒక్కటే ఉంటుంది, సర్వీస్ లిఫ్ట్ పైదాకా పోదు. బిర్యానీ డేగిసాలు మనుషులు మోయాలి. కూలింగ్ టవర్ల మధ్య, నేల మీద పాకే కేబుళ్ల మధ్య 120 మందిని చీకట్లో నిలబెట్టడం తెలిసి తెలిసి ప్రమాదం తెచ్చుకోవడమే. నిలబడి తినే బఫేకి మనిషికి 10 నుంచి 12 చదరపు అడుగులు చాలు, అంటే మీకు 1,400 దాకా. మిగతా 800లో బఫే బల్లలు, చెట్టు, మైకు పడతాయి. అందరూ ఒకేసారి కూర్చోరు కాబట్టి 70 కుర్చీలకు ఇంకో 20 తెప్పిస్తే సరిపోతుంది.

బిల్డింగు మేనేజ్‌మెంట్‌కు ఈ వారమే మెయిల్ పెట్టండి. అందులో ఉండాల్సినవి: లోపలికి వచ్చే సామాను జాబితా (గేట్ పాస్ లేకపోతే స్పీకర్లు బేస్‌మెంట్‌లోనే ఆగిపోతాయి), కేటరింగ్ మనుషుల పేర్లు, వ్యాను నంబర్లు, సర్వీస్ లిఫ్ట్ మీకు కావలసిన గంటలు, ఆ సాయంత్రం ఏసీ ఎప్పటిదాకా నడపాలి అనేది. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. పని గంటలు దాటాక సెంట్రల్ ఏసీకి గంటల లెక్కన విడిగా బిల్లు వేసే బిల్డింగులు చాలా ఉన్నాయి, మీ అగ్రిమెంటులో చూసుకోండి.

కరెంటు గురించి కాస్త ఓపిగ్గా చదవండి. 6 ఆంప్స్ సాకెట్ మీద దాదాపు 1,380 వాట్లు, 16 ఆంప్స్ మీద దాదాపు 3,680 వాట్లు, అంతకు మించి లాగితే ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) పడిపోతుంది. ఎల్‌ఈడీ సీరియల్ సెట్లతో భయం లేదు, ఇరవై కలిపినా ఒక ఫ్యానంత. ముంచేవి కెటిల్, మైక్రోవేవ్, కేటరర్ తెచ్చే ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్. ఇవి ఒక్కొక్కటి ఒక్కో 16 ఆంప్స్ సాకెట్‌కే, జంక్షన్ బాక్సులో మాత్రం వద్దు. డెస్కుల కింద కంప్యూటర్ల కోసం పెట్టిన యూపీఎస్ సాకెట్లలో ఏదీ గుచ్చనివ్వకండి. రెండు వేల వాట్ల కెటిల్ అక్కడ పెట్టారంటే ఆ వరుసలో సిస్టమ్‌లన్నీ ఒక్కసారే పోతాయి, రాత్రి షిఫ్టు వాళ్లు పార్టీకే వచ్చేస్తారు, సంతోషంగా మాత్రం కాదు.

సీలింగుకు వేలాడదీసేవి స్ప్రింక్లర్ల నుంచి, స్మోక్ డిటెక్టర్ల నుంచి దూరంగా ఉండాలి. స్ప్రింక్లర్ తల కింద కనీసం అడుగున్నర ఖాళీ వదలండి, దానికి దారం కట్టడం అసలే వద్దు. పొగ మెషీన్, మెరుపు పూలకుండీలు, లైవ్ దోసె పెనం, అయిదు కిలోల గ్యాస్ సిలిండర్ ఏవీ పైకి రాకూడదు. డిటెక్టర్లు ‘కాసేపు ఆపేయండి’ అని సలహా ఇచ్చేవాడు ఒకడు ఉంటాడు, వినకండి. గాల్లో తేలే బెలూన్లు కావాలంటే హీలియం అని బిల్లులో రాయించుకోండి. చవకగా నింపేచోట హైడ్రోజన్ వాడతారు, నిప్పురవ్వ తగిలితే మొహాలు కాలుతాయి. మామూలు గాలి బెలూన్లు గోడకు కడితే ఏ గొడవా లేదు.

డీజే బదులు రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక చిన్న మిక్సర్, రెండు కార్డ్‌లెస్ మైకులు చాలు. బేస్ ఎక్కువ పెడితే స్లాబు గుండా పై అంతస్తు ఆఫీసుకు వినిపిస్తుంది, వాళ్లకు అప్పుడే అమెరికా కాల్స్ మొదలవుతాయి.

బెజవాడ_వంటసాల

ప్లేట్ల లెక్క చెబుతాను. ఫారంలో ‘వస్తాను’ అన్నవాళ్లలో పది శాతం తగ్గుతారని వేసుకోవడం మామూలు. 112 మంది వస్తామంటే గ్యారంటీ 100 చెప్పొచ్చు. కానీ హౌస్‌కీపింగ్ వాళ్లు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు కలిపి ఒక 15 మంది ఉంటారు, వాళ్లను ఎవరూ ఫారంలో అడగరు. ఆ రోజు ఎక్కువ పని వాళ్లదే. వాళ్లతో కలిపి 115. అంటే 120 అడిగిన మీ కేటరర్ మరీ అన్యాయంగా ఏమీ అడగలేదు. 115 గ్యారంటీ, ఆపైన 125 దాకా అదే ధర అని కొటేషన్‌లో రాయించండి. 115 × 520 అంటే 59,800, దాని మీద 5 శాతం జీఎస్టీ 2,990, మొత్తం 62,790. ఆ జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మీ కంపెనీ కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకోలేరు, అకౌంట్స్ వాళ్లకు ముందే చెప్పండి. ప్లేట్లు వడ్డనకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కేటరర్ సూపర్‌వైజర్‌తో కలిసి మీవాళ్లు లెక్కపెట్టాలి. బిల్లు దగ్గర వాదన అక్కడే తెగిపోతుంది.

115లో 80 మాంసాహారం, 35 శాకాహారం అనుకుందాం. బిర్యానీతో పాటు రెండు స్టార్టర్లు, స్వీటు, కేకు ఉన్నప్పుడు మనిషికి 100 గ్రాముల బియ్యం చాలు, అంటే 8 కిలోలు. చికెన్ ఎముకతో మనిషికి 180 నుంచి 200 గ్రాములు, 15 కిలోలు చెప్పండి. కిలో బియ్యానికి కిలో కంటే తక్కువ చికెన్ వేస్తే అది బిర్యానీ కాదు, మసాలా అన్నం. హలాల్ చికెన్ అని స్పష్టంగా చెప్పండి, హైదరాబాద్‌లో అదేమీ కష్టం కాదు. శాకాహారం 35 మందికే చేయిస్తే మాత్రం దెబ్బ తింటారు. చికెన్ తినేవాళ్లు కూడా పనీర్ స్టార్టర్ వదలరు. వెజ్ బిర్యానీ 50 మందికి, వెజ్ స్టార్టర్ 80 మందికి లెక్క వేయించి, శాకాహారం బల్ల విడిగా, వీలైతే అవతలి గోడ వైపు పెట్టించండి. గరిటెలు కలవకుండా ఉంటాయి, పనీర్ కూడా దక్కాల్సినవాళ్లకు దక్కుతుంది. మార్వాడీ, జైన్ సహోద్యోగులుంటే ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం నాలుగైదు ప్యాకెట్లు పేరు రాసి కట్టించండి. డిసెంబర్‌లో అయ్యప్ప మాలలో ఉన్న స్వాములు బయటి వంట ముట్టరు, వాళ్లకు అరటిపండ్లు, బత్తాయిలు, కొబ్బరిబోండాలు పెడితే చాలు. పెరుగన్నం తప్పక ఉండాలి. ఆఖర్న అందరూ దాని దగ్గరికే వస్తారు.

వరుస సంగతి. ఒక మనిషి ప్లేటు నింపుకోవడానికి 25 సెకన్లు వేసుకోండి. 120 మంది ఒకే వరుసలో నిలబడితే 50 నిమిషాలు. బల్లను గోడకు ఆనించకుండా మధ్యలో వేసి రెండు వైపులా వడ్డిస్తే 25. చాలాచోట్ల బల్ల గోడకు తోసేసి తర్వాత తల పట్టుకుంటారు. నీళ్లు, కేకు, ఐస్‌క్రీం బఫే చివర పెట్టకండి, అక్కడే జనం ఆగిపోతారు. నీళ్లు దూరంగా రెండు చోట్ల. 20 లీటర్ల క్యాన్లు నాలుగు చాలు, పేపర్ గ్లాసులు మాత్రం 300 తేవాలి, ఎందుకంటే ఒకసారి తాగిన గ్లాసు ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తుండదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి నిషేధం, ‘అన్నీ నేనే తెస్తాను’ అనే కేటరర్‌ను ఇది అడగండి.

బిర్యానీ 60 డిగ్రీల కంటే చల్లబడకూడదు. మూతకు పిండి మెత్తి వచ్చిన డేగిసా మూడు గంటలు ఆగుతుంది, మూత తీశాక మాత్రం త్వరగా చల్లారుతుంది. అందుకే మొత్తం ఒకేసారి తీయనివ్వకండి, సగం సీల్‌తోనే ఉంచి మొదటిది అయ్యాక రెండోది.

కేకు: ముక్క 50 గ్రాములు, 120 మందికి 6 కిలోలు, విరిగిపోయేది కలిపి 7. అయిదు కిలోలు గుడ్డుతో, రెండు కిలోలు గుడ్డు లేకుండా. ప్లమ్ కేకులో పండ్లు రమ్‌లో నానబెట్టారా, పళ్లరసంలోనా అని బేకరీని అడిగి తీరాలి. రమ్ వద్దనే ముస్లిం సహోద్యోగులు, వద్దనే పాస్టరు గారూ ఉంటారు. రసంలో నానబెట్టిందే తెప్పిస్తే ఏ చీటీ అక్కర్లేదు. ప్లమ్ కేకు మూడు నాలుగు రోజుల ముందు తెచ్చినా చెడదు, ఇంకా బాగుంటుంది. కోయడానికి ఒక కిలో క్రీమ్ కేకు విడిగా పెట్టండి. ఏడు కిలోలూ అందరి ముందు కోయబోతే అరగంట పోతుంది. ప్లమ్ కేకు బేకరీలోనే ముక్కలు చేయించి కాగితపు కప్పుల్లో సర్దించండి. గులాబీ పువ్వులు, కజ్జికాయలు ఎవరైనా ఇంట్లో చేసి తెస్తామంటే కాదనకండి, క్రిస్మస్ అంటే మనవైపు అవే.

చీటీ_వద్దు

సీక్రెట్ సాంటా గురించి మాత్రమే. చీటీలు తీస్తే చివరివాడికి తన పేరే రావచ్చు, వస్తే మళ్లీ మొదటి నుంచి తీయాలి. మధ్యలో ఒకరు రాజీనామా చేస్తే మొత్తం తెగిపోతుంది. గొలుసు పద్ధతి చేయండి. ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసలో పేర్లు, పక్కన ర్యాండ్ ఫార్ములా, దాని ప్రకారం సార్ట్. ప్రతివాళ్లూ తమ కిందివాళ్లకు ఇస్తారు, చివరివాళ్లు మొదటివాళ్లకు. తన పేరు తనకు రావడం ఉండదు. ఎవరైనా తప్పుకుంటే వాళ్ల పైవాళ్లు వాళ్ల కిందివాళ్లకు ఇస్తారు, ఒక్క మెయిల్‌తో సరి. ఒక జాగ్రత్త: ర్యాండ్ అంకెలు షీటు కదిపినప్పుడల్లా మారతాయి, మెయిళ్లు పంపేముందు సార్ట్ అయిన పేర్లు వేరే షీటులో వాల్యూస్‌గా పేస్ట్ చేయండి. లేదంటే పొరపాటున మళ్లీ సార్ట్ అయిన రోజు ఎవరు ఎవరికిస్తున్నారో మీకే తెలియదు.

అందరినీ కలపకండి, ఇష్టమున్నవాళ్లు మాత్రమే. ధర 300కు తగ్గకుండా, 500కు మించకుండా. ఒక హద్దే పెడితే ఒకరికి ఇయర్‌ఫోన్లు, ఒకరికి కీచైన్ వస్తాయి, నెలరోజులు దాని మీదే మాటలు. గిఫ్టులు 14 సోమవారం సాయంత్రానికి మీ దగ్గరికి చేరాలి, కవరు మీద తీసుకునేవాళ్ల పేరు మాత్రమే. 15న తేనివాళ్ల లెక్క తీసి, మీ దగ్గర ముందే కొని పెట్టిన ఆరు గిఫ్టుల్లోంచి సర్దండి. ఇంటి నుంచి పనిచేసే 22 మందికి వాళ్లలో వాళ్లకే ఇంకో గొలుసు, కొరియర్ 8 లోపు.

వేదిక మీద పేరు పిలిచి ఇవ్వడం వద్దు. మనిషికి 20 సెకన్లన్నా 120 మందికి 40 నిమిషాలు, ఈలోపు బిర్యానీ చల్లారుతుంది. టీముల వారీగా బల్లల మీద పేర్చండి, ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఏదో ఒక అయిదు మాత్రం అందరి ముందు విప్పించండి.

క్వయర్_ఆల్టో

16న చేస్తే అది సెమీ క్రిస్మస్, పోస్టరు మీద అదే రాయండి, అందరికీ తెలిసిన మాట. ఆరాధనను, ఆటపాటలను కలిపేయకండి. ముందు 20 నిమిషాలు: రెండు మూడు క్యారల్స్, అయిదు నిమిషాల సందేశం, చిన్న ప్రార్థన, కేకు. ఇది వద్దనుకునేవాళ్లు 20 నిమిషాల తర్వాత రావచ్చని ఆహ్వానంలోనే చెప్పండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. సందేశం ఇచ్చేవాళ్లకు ‘అయిదు నిమిషాలు’ అని చెబితే పదిహేను తీసుకుంటారు, కాబట్టి మూడు అని చెప్పండి. పాడేవాళ్ల సాయంత్రాలన్నీ క్యారల్ రౌండ్లకు పోతాయి, ప్రాక్టీసు లంచ్ టైములో పెట్టండి. శ్రుతికి ఒక్క కీబోర్డు చాలు.

నిప్పు విషయంలో పై జాగ్రత్తలకు ఒప్పుకుంటాను, కొవ్వొత్తులు కూడా నిజమైనవి వద్దు. బ్యాటరీ కొవ్వొత్తులు 120 తెప్పించి లైట్లు తగ్గించండి, చూడటానికి అంతే బాగుంటుంది.

పశువుల పాకకు థర్మోకోల్ వాడకండి, అలంకరణకు థర్మోకోల్ కూడా ఆ ప్లాస్టిక్ నిషేధం జాబితాలోనే ఉంది. ఖాకీ కాగితం నలిపి, గోధుమరంగు, ఆకుపచ్చ చల్లి కొండలా నిలబెడతారు, పైన గోనెగుడ్డ. ఎండుగడ్డి రెండు గుప్పెళ్లకు మించొద్దు, సీరియల్ సెట్టు దాని మీద పరచొద్దు. మంచు కోసం దూది కూడా బల్బులకు తగలకుండా. మంచు స్ప్రే అద్దాల మీద మరకలు వదులుతుంది, నేల జారుతుంది, డబ్బా మీద మండే గుణం ఉందని రాసి ఉంటుంది. బాలయేసు బొమ్మను తొట్టిలో ఇప్పుడే పెట్టొద్దని మీ ఆఫీసులో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లెవరైనా అంటారు. వాళ్ల ఆనవాయితీ ప్రకారం అది 24 రాత్రే. ఖాళీ తొట్టి ఉంచినా తప్పు లేదు.

చెట్టు ఆరడుగులది చాలు. అడుగుకు వంద బల్బుల లెక్కన 600. లైట్లు మొదట, కాండం దగ్గర నుంచి కొమ్మ చివరకు, తర్వాత రిబ్బను, తర్వాత గోళాలు, స్టార్ చివర. అలంకరణ సామాను బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతుంది, డిసెంబర్ మొదటి వారంలోనే వెళ్లండి.

అయిదో_అంతస్తు_అడ్మిన్

చాలా థ్యాంక్స్ అండి. తేదీ 16కు, చోటు కెఫెటేరియాకు ఒప్పించాను. డీజే కూడా పోయింది. ఇప్పుడు ఒక టీము లీడు బీరు అడుగుతున్నారు. ఇంకోటి, క్యాబ్‌ల లెక్క రావడం లేదు, రాత్రి డ్రాప్ కావలసిన ఆడవాళ్లు 30 మంది.

బిల్డింగ్_తాళాలు

బీరు ఆఫీసులో పోయించాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి, బిల్డింగు యజమాని ఒప్పుకోవాలి, తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు ఇవ్వకూడదు, మీ ట్రెయినీల్లో అలాంటివాళ్లు ఉండొచ్చు. పార్టీ కూడా చట్టం దృష్టిలో పనిచేసే చోటే, లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబ్‌కు కూడా వర్తిస్తుంది. ఇంత తలనొప్పి లక్షన్నర బడ్జెట్‌లో వద్దని చెప్పండి. వాళ్లు తర్వాత బయట తాగితే అది వాళ్ల సొంత పార్టీ.

క్యాబ్ లెక్క తప్పేది గార్డు సీటు వల్ల. ఆడవాళ్లు మాత్రమే ఉన్న క్యాబ్‌లో చివరి డ్రాప్ దాకా గార్డు ఉండాలని చాలా కంపెనీల నియమం. సెడాన్‌లో ప్రయాణికుల సీట్లు నాలుగు, గార్డు పోను ముగ్గురు, 30 మందికి 10 బండ్లు, 10 మంది గార్డులు. ప్రయాణికుల సీట్లు ఆరున్న ఎర్టిగా అయితే గార్డు పోను అయిదుగురు, 6 బండ్లు, 6 గార్డులు. గార్డులు మీ ఏజెన్సీలో అంతమంది ఆ రోజు దొరుకుతారా అన్నది ఇప్పుడే అడగండి, బండ్ల కంటే వాళ్లు దొరకడమే కష్టం. రెండు విడతలు పెట్టండి, 7:30కి మూడు, 8:15కి మూడు. అందరికీ ఒకే టైము పెడితే లిఫ్టుల దగ్గరే ఇరవై నిమిషాలు పోతాయి.

ఆ రోజు టైములు ఇలా వేసుకోండి. ఉదయం 11కు స్పీకర్లు పైకి. 2 లోపు లైట్లన్నీ వేసి, గంటసేపు వెలిగించి ఉంచండి, పడే ఎమ్‌సీబీ ఉంటే అప్పుడే పడుతుంది. 4కు క్యారల్స్, 4:20కి కేకు, ఆటలు, గిఫ్టులు. కేటరర్ వ్యాను 4:30కి గేటు దగ్గర ఉండాలి, 5:15కి బిర్యానీ పైకి. సర్వీస్ లిఫ్ట్ ఆ ముప్పావు గంట మీకే అని రాయించుకోండి. 6కు వడ్డన, 6:45కి రెండో డేగిసా. హౌస్‌కీపింగ్ వాళ్ల ప్లేట్లు వడ్డన మొదలవగానే తీసి పక్కన పెట్టండి, చివర్లో చూద్దాం అంటే వాళ్లకు ముక్కలు మిగలవు.

ఎవరూ ముట్టని తిండి మిగిలితే రాబిన్‌హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్లు తీసుకెళ్తారు. మిగిలాక కాదు, ముందు రోజే సమయం చెప్పి పెట్టుకోవాలి. మూత తీయని డేగిసా ఇస్తే మంచిది, బఫేలో కలిపిందాన్ని ఇవ్వకండి.

బెజవాడ_వంటసాల

ఒకటి మర్చిపోయాను. చెత్త. 120 మందికి పెద్ద నల్ల కవర్లు ఒక ఇరవై, తడి చెత్తకు వేరే డ్రమ్ములు రెండు. ఎముకలు పేపర్ గ్లాసులతో కలిస్తే మర్నాడు ఉదయం కెఫెటేరియాలో ఎవరూ టీ తాగలేరు. ఆ రాత్రే కిందికి దించమని కేటరర్ కొటేషన్‌లోనే రాయించండి.